బాతుగొంతు

ఒడ్డు రోజుకు ఇంకా పదకొండు రోజులు. ఉదయం. తూర్పు గాలి.

ఈ పుస్తకం తెరిచినవాడా, ముందు నాకొక జవాబు చెప్పు. నీ గొంతు నువ్వు చివరిసారి ఎప్పుడు విన్నావు? మెడపట్టీ దిద్ది ఇచ్చిన గొంతు గురించి కాదు నేనడుగుతున్నది. నీ రొమ్ములోంచి లేచి, నీ పళ్ళ సందున బయటపడి, గాలిలో కలిసే గొంతు.

తడుముకుంటున్నావు. నేనూ తడుముకున్నాను. నాకు యాభై తొమ్మిదేళ్ళు. తెప్పలపూడి సమాజానికి ముప్ఫై ఒక్కేళ్ళుగా వాక్యం చెప్తున్నాను. నన్ను ఎవరూ చదివించలేదు. నాచు ఆరబెట్టే తడికల పక్కన కూర్చుని, గ్రంథంలో వేలు పెట్టి, అక్షరం తర్వాత అక్షరం నాకు నేనే నేర్చుకున్నాను. పేరు నాంచారయ్య. జనం మాత్రం ఉరుమయ్యగారు అంటారు. ఆ పేరు నాకు తగినదేననుకుంటూ వచ్చాను.

ఇది సమాజం దినచర్య పుస్తకం. గాలి ఎటు వీచింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ తెప్ప కారుతోంది, ఇవే ఇందులో రాయాలి. ఈసారి కాస్త ఎక్కువ రాస్తాను. నా తర్వాత మంచె ఎక్కి వాక్యం చెప్పేవాడికి పనికొస్తుంది.

పొద్దున్నే చెవిబిళ్ళలు కడిగాను. మంచినీళ్ళలో ముంచి, పాత పంచె గుడ్డతో తుడిచి, మా ఆవిడ సీతారావమ్మవీ నావీ ఎండలో పెట్టాను. ఉప్పు పేరుకుంటే బిళ్ళ గరగరలాడుతుంది. అవి ఆరేలోగా పేరంటాలు మామ్మను చూసి వద్దామని, తలకు తుండు చుట్టి చెవులు కప్పుకుని బాతుల తెప్పకు నడిచాను. బిళ్ళ లేని చెవికి ఊరంతా ఒకటే హోరు. తెప్పల అడుగున నీళ్ళు తోడే మిషన్లు ఆగవు, పైన గాలి ఆగదు. ఈ హోరులో మనిషి మాట మనిషికి అందదు. అందుకే మా తాతల నాడే పట్టీలు వచ్చాయి. మెడకు పట్టీ కట్టుకుని పెదవి కదిపితే చాలు. ఆ గొణుగుడును అది పట్టుకుని, నత్తి తీసి, వణుకు తీసి, ఎదుటివాడి చెవిబిళ్ళలో నున్నగా పోస్తుంది.

మామ్మకు తొంభై ఏడు. నేలంతా ముంచిన నీళ్ళు వచ్చి తొంభై ఒక్కేళ్ళు. నేల మీద నడిచిన కాళ్ళు ఈ ఊళ్ళో ఇంక ఆ రెండే. ఆమె పుట్టింది పీతలమెరకలో. ఆ ఊరివాళ్ళలో మిగిలింది కూడా ఆమె ఒక్కతే.

నలభై రోజుల కింద ఆమె చెవులు చీము పట్టాయి. ఇంకోసారి బిళ్ళ పెడితే ప్రాణానికే మోసమని వైద్యురాలు తీయించేసింది. వినపడనప్పుడు పట్టీ ఎందుకని మామ్మ అదీ విప్పేసింది. నేను నులకమంచం పక్కన కూర్చుని, ఆమె చెవికి నోరానించి, ఎట్టా ఉన్నావు మామ్మా అన్నాను.

"నలభై రోజుల్నించీ నాతో మాట్టాడింది బాతులే," అంది. "మనుషులంతా చేపల్లాగా నోళ్ళు తెరిచి మూస్తన్నారు. ఒడ్డు రోజెప్పుడు?"

"పదకొండు రోజులుంది."

"అందాకా ఉంటాలే. ఆపైన ఉండను. ఒరే నాంచారీ, ఈ ఏడు పాట నాకెట్టా ఇనపడుద్ది?"

ఒడ్డు రోజున మంచె మీద నిలబడి, మునిగిపోయిన నూట పన్నెండు ఊళ్ళనూ పేరుపేరునా పాడుతూ పిలవాలి. 'ఉన్నావా' అని అడగాలి. ఆ ఊరి సంతతి 'ఉన్నాం' అని బదులు చెప్పాలి. పిలవని ఊరు రెండోసారి మునుగుతుందని తెప్పల కాండం మొదటి అధ్యాయంలోనే ఉంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా పాడేది నేను.

"నీ ఊరు రాగానే దిగొచ్చి నీ చెవిలో చెప్తాను మామ్మా," అన్నాను.

ఆమె నా మొహాన్ని అరచేత్తో అవతలికి తోసింది.

"చెవిలో చెప్తే అది చాడీ అయిద్ది. ఊరి పేరు ఊరంతా ఇనేట్టు పలకాల. మా అయ్య ఉప్పుమళ్ళ గట్టు మీద నిలబడి పేరంటాలూ అని కేకేస్తే ఏటి అవతలికి ఇనపడేది. నీకు ఉరుమని పేరుందిగా. ఉరుము."

అక్కడికక్కడే మాటిచ్చాను. పట్టీ తీసేసి పాడతాను అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో. ఆ హోరులో నా మాట నాకే వినపడలేదు మరి.

పది రోజులు. మధ్యాహ్నం. గాలి తగ్గింది.

సమాజపు గదిలో ఎవరూ లేరు. గడియ పెట్టాను. పట్టీ విప్పి, బిళ్ళలు తీసి పీట మీద పెట్టాను. మొదటి ఊరు పిలవడానికి నోరు తెరిచాను.

ఏమీ రాలేదు. ఊపిరి నింపుకుని మళ్ళీ నెట్టాను. వచ్చింది. దాన్ని ఏమని రాయను? నీటికి ఉబ్బిన తలుపును లాగితే వచ్చే చప్పుడు. సన్నగా, వంకరగా లేచి, మధ్యలో తెగిపోయింది. నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా విన్నారేమోనని. గదిలో నేనూ గ్రంథమూ తప్ప ఎవరూ లేరు. అయినా చెవులు కాలాయి.

ముప్ఫై ఒక్కేళ్ళు ఈ గదిలో భయం పాపమని బల్ల గుద్దాను. పాడటానికి లేచి కూలబడిన ఆడపిల్లల్ని మళ్ళీ లేపి నిలబెట్టాను. పట్టీ గొంతు వణుకు తీస్తుంది గానీ మోకాళ్ళ వణుకు తీయదు గదా. అలల కాండం, మూడో అధ్యాయం, ఎనిమిదో వాక్యం వాళ్ళ మీదికి విసిరాను: 'అల ముందు నిలబడు, నిలబడ్డవాణ్ణి అల దాటిపోతుంది.' వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. నేను ఉరిమాననుకున్నాను. ఉరిమింది పట్టీ. నేను నా జన్మంతా గొణిగాను.

తొమ్మిది రోజులు. ఉదయం.

మిషన్లూ పట్టీలూ బాగుచేసే జరీనా దగ్గరికి వెళ్ళాను. మోచేతుల దాకా గ్రీజుతో, ఒక పంపు కడుపు విప్పి కూర్చుని ఉంది. విషయం చెప్పాను, సగం దాచి.

"అంటే అయ్యగారూ, బిళ్ళ లేని మనిషికి వినపడాల, మీరు మాత్రం పట్టీ తియ్యకూడదు. అంతేగా?"

"తియ్యకూడదని కాదు. వీలైతే అని."

"పట్టీకి గొట్టం తగిలిస్తా. మీ గొణుగుడు గొట్టంలోంచి ఉరుమైపోయి బయటికొస్తది."

"గొణుగుడని ఎవరన్నారు?"

జరీనా పానా కింద పెట్టింది. "ఊరందరి పట్టీలూ నా చేతిలోంచే పోతాయి. ఎవరెంత గొణుగుతారో నాకు తెలవదా? మీ పట్టీలో ఉరుము పాలు కాస్త ఎక్కువ పెట్టమని, మీకు ముందున్న అయ్యగారు మా అమ్మతో చెప్పి పోయాడంట. 'కుర్రాడు మంచోడే, కాకపోతే గొంతు లేదు' అన్నాడంట."

నవ్వింది. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. ఇంటికి వస్తూ నాకు నేనే ఒక వాక్యం వెతికిపెట్టుకున్నాను: 'చేతికి అందిన పనిముట్టును తోసేయకు.' వాక్యం ఎప్పుడూ అందుబాటులోనే ఉంటుంది. మనకు కావలసింది వెతుక్కోవడం మొదలుపెట్టిన రోజే మనం తప్పిపోతాం. ఇది నేను నాలుగు వందల సార్లు బోధించి ఉంటాను.

ఏడు రోజులు. సాయంత్రం. గాలి దక్షిణానికి తిరిగింది.

రేకుతో చేసిన గొట్టం, పెద్ద ఉమ్మెత్తపువ్వు లాగా ఉంది. జరీనా భుజాన మోసుకొచ్చి మామ్మ మంచానికి ఇరవై బారల దూరంలో నిలబెట్టింది. నేను పట్టీ సరిచేసుకుని, పెదవి కదిపాను. పీతలమెరకా, ఉన్నావా.

గొట్టం ఉరిమింది. బాతులు నీళ్ళలోకి దూకాయి. మామ్మ మంచం మీద లేచి కూర్చుని నలువైపులా చూసింది.

"ఎవరది?"

నా బిళ్ళలు తీసి దగ్గరికి పరిగెత్తి, ఆమె చెవిలో, "నేనే మామ్మా," అన్నాను.

"నువ్వు కాదు. దాంట్లో ఎవరూ లేరు." నా చెయ్యి పట్టుకుంది. ఎముకల చెయ్యి, చల్లగా ఉంది. "మా అయ్య నన్ను కేకేస్తే చివరాఖర్న గొంతు చీలేదిరా. ఆ చీలిక ఇని, అయ్యకి ఆకలేస్తందని పరిగెత్తేదాన్ని. ఇందులో ఎవరికీ ఆకలెయ్యట్లేదే."

జరీనాకు ఆ మాటలు వినపడలేదు. మామ్మకు పట్టీ లేదు గదా. నా మొహం చూసి అర్థం చేసుకుంది. గొట్టం మళ్ళీ భుజానికెత్తుకుంటూ, "పోన్లెండి అయ్యగారూ, వానాకాలం నీళ్ళు పట్టుకోవడానికి పనికొస్తది," అంది.

ఆరు రోజులు. సాయంత్రం.

రెండు పూటలు అన్నం సయించలేదు. సీతారావమ్మ ఎదురుగా కూర్చుని తన బిళ్ళలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తన పట్టీ విప్పింది. తర్వాత నా మెడ వెనక చెయ్యి పెట్టి నా పట్టీ కూడా విప్పి, నా బిళ్ళలూ తీసింది. అది మేము పడుకునేటప్పుడు తప్ప చెయ్యని పని.

"చెప్పు," అంది నా చెవిలో.

చెప్పాను. గదిలో గడియ పెట్టుకున్న సంగతి, తలుపు చప్పుడు లాంటి గొంతు సంగతి, గొట్టం సంగతి. "మంచె మీద నిలబడి ఆ గొంతు ఊరందరికీ ఎట్టా వినిపించను? ఉరుమయ్యగారని వచ్చే జనం. పగలబడి నవ్వుతారే."

"నవ్వుతారు," అంది. "పద."

"ఎక్కడికి?"

"బాతులింటికొచ్చే యాళయింది."

బాతులకు చెవిబిళ్ళలు ఉండవు. అందుకని ఈ ఊళ్ళో ఇప్పటికీ వట్టి గొంతుతో కేకేసేది బాతులు కాసేవాళ్ళొక్కరే. వాళ్ళంటే మిగతా వాళ్ళకు చిన్నచూపు. ఎవరి మాటైనా మొరటుగా ఉంటే బాతుగొంతు అని వెక్కిరిస్తారు. సీతారావమ్మ పుట్టింది ఆ తెప్ప మీదే. పెళ్ళయ్యాక ఆమె కేకేయగా నేను ఎప్పుడూ వినలేదు. ఎందుకని అడగాలని కూడా తోచలేదు.

తెప్ప అంచున కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. చీర చెంగు నడుముకు దోపింది. గడ్డం పైకెత్తి పిలిచింది.

"బా... బాబాబా... దా దా దా దా..."

మిషన్ల హోరును పక్కకు నెట్టేసి ఆ గొంతు నీటి మీద జారుకుంటూ పోయింది. మొరటుగా ఉంది. చివర్లో చీలింది. దూరంగా నాచు మడుల అవతల నల్లటి చుక్కలు కదిలి, తెల్లగా మారి, ఒక్క గుంపుగా ఈదుకుంటూ వచ్చాయి. మామ్మ తన మంచం మీద నుంచి చెయ్యి ఊపింది. ఆమెకు వినపడింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు దాచావే?" అన్నాను.

"నువ్వే వద్దన్నావుగా."

"నేనా?"

"పెళ్ళయిన నాలుగో రోజు. నాచు తడికెల కాడ. అప్పుడే నువ్వు అయ్యగారివయ్యావు. 'నీది బాతుగొంతే, బయట ఎత్తమాక, సమాజంలో తలెత్తుకోలేను' అన్నావు." ఆమె గొంతులో కోపం లేదు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. "నేనూ సరేననుకున్నా. అయ్యగారి భార్యని గదా."

ఇతరుల గొంతు నొక్కినవాడి గురించి గ్రంథంలో ఏడు వాక్యాలు ఉన్నాయి. ఏడూ నాకు కంఠస్థం. ఒక్కటీ నా గురించి అని ఎప్పుడూ అనుకోలేదు. తెప్ప మీద కూర్చుండిపోయాను. బాతులు నా చుట్టూ తిరిగి గూళ్ళలోకి పోయాయి. ఆమె నా పక్కన కూర్చుని, "నవ్వొచ్చేది నాకు," అంది. "నువ్వు బల్ల గుద్ది భయపడకండి అంటుంటే, నీ కుడికాలు బల్ల కింద ఊగేది."

నాలుగు రోజులు. సాయంత్రం.

బాతులకు ఉరుమయ్యగారు ఎవరో తెలియదు. నిన్న నేను పిలిస్తే ఒకదాని మొహం ఒకటి చూసుకుని వేరే దిక్కుకు ఈదాయి. బాతుల తెప్ప ఆడవాళ్ళు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఎక్కడైనా మునిగిపోదామనిపించింది. చుట్టూ నీళ్ళే, కష్టమేం కాదు. ఇవాళా మొదట అంతే అయింది.

"ఇంక చాలే, రేపొద్దాం," అన్నాను.

"రేపటికి ఇంకో నాలుగు బాతులు నవ్వుతాయి. ఇప్పుడే పిలువు." సీతారావమ్మ నా గడ్డం పట్టుకుని నీళ్ళ వైపు తిప్పింది. "నువ్వు నీ గొంతు ఎట్టా ఉందో చూసుకుంటన్నావయ్యా. గొంతు చూసుకోమాక. బాతుని చూడు. అదిగో చివరాఖర్న, ఆ కుంటిది. దానికి ఇనపడాల. దానికి ఆకలిగా ఉంది. అంతే అనుకో."

కుంటి బాతును చూశాను. ఎడమ కాలు సరిగా ఆడక, అందరికంటే వెనక, అదే పనిగా ఈదుతోంది. దానికి వినపడకపోతే అది చీకటి పడ్డాక నీటి మీదే ఉండిపోతుంది. ఇంక నా గొంతు గురించి మర్చిపోయాను. నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం మర్చిపోయాను. ఏదో నోట్లోంచి పోయింది. అది తిరిగింది. మిగతావి తిరగలేదు. ఆ ఒక్కటి తిరిగింది.

అది తెప్ప ఎక్కి నా పాదం మీద ముక్కు తుడుచుకుంది. నా బోధలు విని ఎవరైనా మారారో లేదో నాకు తెలియదు. ఈ బాతు మాత్రం వచ్చింది.

రెండు రోజులు. ఉదయం.

మళ్ళీ భయం. ఎక్కడికీ పోలేదు. కుంటి బాతు వేరు, నాలుగు వందల మొహాలు వేరు. మామ్మ రాత్రంతా దగ్గిందని వైద్యురాలు చెప్పింది.

గ్రంథం తీశాను. అలల కాండం, మూడో అధ్యాయం. ఎనిమిదో వాక్యంతో పేజీ అయిపోతుంది. నేను ఎప్పుడూ అక్కడే పుస్తకం మూసి బల్ల గుద్దేవాణ్ణి. తొమ్మిదోది చదవక కాదు. చదివాను. అది బలహీనులకు చెప్పిన మాట, మంచె మీద చదివేది కాదు అనుకున్నాను. ఇవాళ పేజీ తిప్పి వేలు పెట్టి, మొదటిసారి చదువుతున్నవాడిలా, అక్షరం తర్వాత అక్షరం చదివాను.

'వణుకుతూ నిలబడ్డవాడూ నిలబడ్డవాడే. వాడి వణుకు నాకు తెలుసు, దాన్ని ఇచ్చింది నేనే.'

నేను కూలబడిన ఆ ఆడపిల్లలకు సగం వాక్యమే ఇచ్చాను. మందు తాగించి నీళ్ళు ఇవ్వకుండా పంపేశాను.

ఒడ్డు రోజు. పొద్దు వాలింది. గాలి లేదు.

ఇవాళ్టిది రాసి తీరాలి.

పొద్దున జరీనా వచ్చింది. "పాట జరిగినంతసేపూ మిషన్లు ఆపుతా. ముప్పావుగంట. అది దాటితే కింది అరల్లోకి నీళ్ళొస్తాయి. మీ వాక్యం లాగా సాగదీయమాకండి."

మామ్మను మంచంతో సహా మంచె ముందుకు మోసుకొచ్చారు. ఊరంతా నిలబడి ఉంది. నేను నిచ్చెన ఎక్కాను. కుడికాలు ఊగుతోంది. ఈసారి అడ్డం బల్ల లేదు. అందరికీ కనపడుతోంది. కనపడనిచ్చాను.

పట్టీ లోంచి చివరిసారి చెప్పాను: "పేరంటాలు మామ్మకు బిళ్ళ లేదు. అందుకని నేను పట్టీ తీస్తున్నాను. తీస్తే మీ బిళ్ళలకు నేను వినపడను. వినాలనుకున్నవాళ్ళు తీసేయండి. నా గొంతు బాగుండదు. ముందే చెప్తున్నాను."

పట్టీ విప్పి, బిళ్ళలు తీసి జేబులో పెట్టుకున్నాను. ఎవరూ కదల్లేదు. నలుగురి ముందు చెవి వట్టిగా పెట్టుకోవడం మా ఊళ్ళో చీర జారినంత సిగ్గు. జరీనా ముందుకొచ్చి, గ్రీజు చేతులతోనే రెండు బిళ్ళలూ పీకి రవికలో దోపుకుంది. తర్వాత సీతారావమ్మ. తర్వాత ఒకరి తర్వాత ఒకరు. మిషన్లు ఆగాయి. నేను పుట్టాక మొదటిసారి ఈ ఊరు నిశ్శబ్దంగా ఉంది. తెప్పలకు నీళ్ళు తగిలే చప్పుడు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు.

మొదటి ఊరు పిలిచాను. తలుపు చప్పుడే వచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వారు, ఇంకెవరో నవ్వారు. నా కళ్ళు మసకబారాయి. ఆ మసకలో మంచం కోసం వెతికాను. మామ్మ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, నా వైపు వంగి ఉంది. అందరికంటే చివర ఉన్న బాతు. ఆమెకు ఆకలిగా ఉంది.

ఆమెకు పాడాను.

రెండో ఊరికి బదులు గొణుగుడుగా వచ్చింది. పదో ఊరికి వచ్చేసరికి జనం గొంతులు పెగిలాయి. ఒక ముసలాయన ఉన్నాం అనబోయి కీచుమన్నాడు, చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు, ఆయనా నవ్వి మళ్ళీ అన్నాడు. నలభై దాటాయి. అరవై దాటాయి. అరవై మూడో ఊరి దగ్గర నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరుస్తున్నాను, గాలే వస్తోంది. మామ్మ ఊరు డెబ్బై ఒకటోది.

అప్పుడు జనంలోంచి లేచింది ఆ గొంతు. మొరటుగా, నిండుగా, చివర్లో చీలుతూ. సీతారావమ్మ చెంగు నడుముకు దోపి, గడ్డం ఎత్తి, ఊరు పేరు పిలిచింది. జనం అటు తిరిగారు. బాతుగొంతు అని ఎవరో అన్నారు. ఆమె విన్నది. అయినా తర్వాతి ఊరు ఇంకా గట్టిగా పిలిచింది. నేను చెయ్యి చాపాను. ఆమె నిచ్చెన ఎక్కి నా పక్కన నిలబడింది. ఆమె మోకాలు కూడా వణుకుతోందని అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకరి భుజం ఒకరికి ఆనించి నిలబడ్డాం.

డెబ్బై ఒకటి వచ్చింది. ఆమె ఆగి నా వైపు చూసింది. ఇది నీది అన్నట్టు.

మిగిలిన గొంతంతా ఒక్కచోటికి తెచ్చుకున్నాను.

"పీతలమెరకా... ఉన్నావా?"

చివర చీలింది. ఎంత చీలిందంటే నాకే నొప్పి పుట్టింది.

పేరంటాలు మామ్మ మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. జరీనా నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబెట్టింది. ఇన్నేళ్ళూ ఆమె బదులు కూడా పట్టీలోంచి నున్నగానే వచ్చేది. తన ఊరికి తానొక్కతే బదులు చెప్పాలి. మేమంతా ఎదురుచూశాం.

"ఉన్నా," అంది. తర్వాత, చిన్నపిల్ల గట్టు మీదుగా పరిగెత్తుకొస్తూ అరిచినట్టు, "ఉన్నానయ్యా, వస్తన్నా," అంది.

ఆపైన పాట ఎట్టా పూర్తయిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఊరే పాడింది.

ఒడ్డు రోజు మర్నాడు. ఉదయం. తూర్పు గాలి.

పొద్దున తలుపు తీస్తే కోడిదిబ్బ వీరాస్వామి ఇంటిల్లిపాదితో నిలబడి ఉన్నాడు. మెడ మీద పట్టీ లేదు. నా చెవి దాకా వంగి, బొంగురుగా, తన గొంతుకు తనే అదిరిపడుతూ అన్నాడు:

"మా ఊరు మింగేశావయ్యగారూ. అరవై మూడో ఊరి తర్వాత మీ ఆవిడ అందుకున్నప్పుడు రెండూళ్ళు దాటిపోయాయి. కోడిదిబ్బ ఒకటి, ఊటకాలవ ఒకటి. మేం నోరు తెరుచుకుని నిలబడ్డాం. పిలిస్తే గదా అనడానికి."

లెక్క చూశాను. నిజమే. సీతారావమ్మ నొసలు కొట్టుకుంది. ముప్ఫై ఒక్కేళ్ళు నున్నగా పాడాను, ఒక్క ఊరూ పోలేదు, ఎవరూ నా గడప తొక్కలేదు. నిన్న రెండు ఊళ్ళు పోగొట్టాను, పొద్దున్నే కొట్లాటకు వచ్చారు. ఆయన పేరు తెలుసు గానీ ఆయన గొంతు ఎట్టా ఉంటుందో ఇవాళే తెలిసింది.

పిలవని ఆ రెండు ఊళ్ళనూ ఇవాళే మళ్ళీ మంచె ఎక్కి పిలవాలి. మామ్మ దగ్గరికి వెళ్ళి చెవిలో ఆ సంగతి చెప్పి, ఇంకో మాట కూడా అన్నాను. "ఒడ్డు రోజు దాటాక ఉండనన్నావుగా మామ్మా."

"మళ్ళీ పాడాలంటగా. ఎట్టా పోతాను?" అంది. "ఆ బాతుల తెప్ప పిల్లనీ పిలువు. నీకంటే నయం."

జరీనా మిషన్లు ఆపడానికి వెళ్ళింది, గొణుక్కుంటూ. సీతారావమ్మ నిచ్చెన దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. నా గొంతు నిన్నటికంటే అధ్వాన్నంగా ఉంది, కాలు మామూలుగానే ఊగుతోంది. ఈ వాక్యం పూర్తిచేసి ఎక్కుతాను.

చదివేవాడా, నువ్వు కూడా ఎవరో ఒకరికి పీతలమెరక బాకీ ఉన్నావు. ఎవరో చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని నీ వైపు వంగి ఉన్నారు. గొంతు బాగయ్యాక అంటావు, వణుకు తగ్గాక అంటావు, అందరూ వెళ్ళిపోయాక అంటావు. అంతదాకా ఆ చెవి ఉండదు. వణుకు పోదు, దాన్ని తీసుకునే ఎక్కు. పేజీ తిప్పు, తొమ్మిదో వాక్యం అక్కడే ఉంది. ఈ పుస్తకం మూసేయి. పట్టీ విప్పు. లేచి నిలబడి, ఎవరికి వినపడాలో వాళ్ళ మొహం చూసి, ఇవాళే, పొద్దు వాలేలోగా, పేరు పెట్టి పిలువు.